కుశలప్రశ్నకు నలభై సెకన్లు

మా రాళ్ళగెడ్డ పురపాలక సంఘంలో కొళాయిల విభాగానికి సీనియర్ అసిస్టెంటుని నేను. పేరు పొట్నూరు జోగారావు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో కౌంటరు అవతల నిలబడ్డ మనిషి మొహం చూసిన పాపాన పోలేదు. కాగితం చూస్తాను, సంతకం ఉందో లేదో చూస్తాను, లేకపోతే రేపు రమ్మంటాను. ఉన్నా రేపు రమ్మన్న రోజులున్నాయి. అలాంటి నాకు ప్రభుత్వం వారు హృదయపూర్వకతలో నూటికి తొంభై నాలుగు మార్కులు వేసి, ధ్రువపత్రం చేతికిచ్చి ఫోటో తీశారు. ఇందులో నా తప్పేమీ లేదు.

అంతా ఒక సర్వేతో వచ్చింది. రాజధానిలో ఎవరో పెద్దలు ఊరూరా మనుషుల్ని పంపి, మునిసిపల్ ఆఫీసంటే మీకెందుకు గిట్టదని జనాన్ని అడిగించారు. కొళాయిలు రావని కొందరు, దోమలని కొందరు, కుక్కలని కొందరు చెప్పారు. ఒక పెద్దాయన మాత్రం, "వెళ్తే బాగున్నావా అని అడిగే దిక్కు లేదండీ" అన్నాడట. మిగతావన్నీ పనితో కూడుకున్న వ్యవహారాలు. పెద్దల మనసుకి ఈ ఒక్కమాటే గాఢంగా తగిలింది.

నెల తిరక్కుండా 'ఆత్మీయ పలకరింపు పథకం' అని ముప్ఫై ఎనిమిది పేజీల ఉత్తర్వు దిగింది. "ప్రతి ఉద్యోగియు, కౌంటరు వద్దకు వచ్చు ప్రతి పౌరుని, పని ప్రస్తావనకు పూర్వము, హృదయపూర్వకముగా కుశలమడుగవలెను" అని మొదటి వాక్యం. హృదయపూర్వకమంటే ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసుకుపోతారన్న భయంతో కింద వివరం కూడా ఇచ్చారు. మెడ పదిహేను డిగ్రీలు కుడికి వంచాలి. కనుబొమలు పైకెత్తాలి. 'బాగున్నారా' అనేటప్పుడు చివర గొంతు లేవాలి, మరీ లేస్తే పోట్లాటలా వినిపిస్తుంది గనక మధ్యలో ఆపుకోవాలి. పౌరుడు మాట్లాడుతుండగా రెండుసార్లు 'అలాగా' అనాలి. మొత్తం తతంగం నలభై సెకన్లలో ముగియాలి. పౌరుడు చెప్పదగిన జవాబులు కూడా వాళ్ళే రాసిచ్చారు. బాగున్నాను, బాగానే ఉన్నాను, మీ దయవల్ల బాగున్నాను. ఈ మూడింట్లో ఏదైనా ఒకటి.

ఈ పథకాన్ని రాసిన మహానుభావుడు మా ప్రాంతీయ సంచాలకులు చక్రధరరావు గారు. శిక్షణ ఇవ్వడానికి స్వయంగా వచ్చారు. తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాలు, చేతిలో స్టాప్‌వాచీ.

"ఉద్యోగ మిత్రులారా, పలకరింపు అనునది పరిపాలనకు ముఖద్వారము. ఎదుటివానిపై ప్రేమ ఉండవచ్చును, లేకపోవచ్చును. అది మీ వ్యక్తిగత విషయము, ప్రభుత్వము అందులో జోక్యము చేసుకొనదు. మెడ వంచుట మాత్రము విధి" అన్నారు.

మూడు రోజులు మెడలు వంచాం. టౌన్ ప్లానింగ్ గుమాస్తాకి పట్టేసి, ఇప్పటికీ అతను ఎడమ వైపు చూడాలంటే మనిషంతా తిరుగుతాడు. నాకు మాత్రం మొదటి రోజే పట్టుబడింది. నా రహస్యం ఒక్కటే, ఎదుటివాడి గురించి ఏమీ అనుకోకపోవడం. మనసులో ఏదైనా ఉంటే అది మొహంలోకి వచ్చి కనుబొమల్ని పాడుచేస్తుంది. నా మనసు శుభ్రంగా ఖాళీ కాబట్టి తొంభై నాలుగొచ్చాయి. ఆ పుణ్యానికి మా ఆఫీసు ఆత్మీయతా విభాగానికి నన్నే ఇన్‌చార్జిని చేశారు.

పథకం మొదలైన సోమవారం నాడు కౌంటరుకి మొదట వచ్చినవాడు తాపీమేస్త్రి దాలినాయుడు. వాళ్ళ వీధి కొళాయిలో నీళ్ళొచ్చి తొమ్మిది రోజులైంది. నేను మెడ వంచి, కనుబొమలెత్తి, "నమస్కారమండీ, బాగున్నారా?" అన్నాను. వాడు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేకపోయేసరికి కంగారుపడ్డాడు.

"నన్నేనా బాబూ? ఏదో, ఉన్నాం" అన్నాడు.

నేను జాబితా చూశాను. 'ఏదో, ఉన్నాం' అందులో లేదు.

"ఏదో అంటే ఏది?"

"ఏదో అంటే ఏటుంటాది బాబూ, ఏదో."

వాడి వెనకున్న ఆవిడా ఏదో అంది. ఆవిడ వెనకున్నాయనా అంతే. మధ్యాహ్నానికి లెక్కేస్తే పదిమందిలో తొమ్మండుగురు ఏదో ఉన్నవాళ్ళే. నలుగురి కళ్ళూ పడతాయన్న భయంతో, బాగున్నానని నోటితో అనే అలవాటు మన వాళ్ళకి లేదని రాజధానికి ఎవరు చెబుతారు? నేను స్పష్టత కోరుతూ లేఖ రాశాను. ఆరు వారాలకి జవాబొచ్చింది. "ఏదో అను జవాబు అసంపూర్ణము. అది ఏది అనునది పౌరుని నుండి రాబట్టి, రెండు ప్రతులలో నింపి పంపవలెను. జాబితాలో లేని జవాబు వచ్చిన ప్రతి సందర్భమునందును, స్పష్టత వచ్చువరకు తదుపరి చర్య నిలుపుదల చేయవలెను."

దాంతో 'ఏదో పత్రం' పుట్టింది. పదిహేడు ప్రశ్నలు. నింపడానికి నిలబడ్డ వరుస గేటు దాటి, జామకాయల బండి దాకా వెళ్ళింది. జనం తెలివైనవాళ్ళు, రెండు రోజుల్లో కిటుకు పట్టేశారు. నేను నోరు తెరవక ముందే "మీ దయవల్ల బాగున్నానండీ" అని అరిచేసి ఫిర్యాదు కాగితం తోసేవారు. ఆ మాట నేను రిజిస్టరులో రాసుకునేవాణ్ణి. తర్వాత రాజధాని నుంచి ఇంకో మెమో వచ్చింది. తాను బాగున్నట్టు ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయించుకున్న పౌరునికి ఫిర్యాదు ఉండుటకు ఆస్కారము లేదు కావున, అట్టి ఫిర్యాదులు తిరస్కరించవలెను.

దాలినాయుడి కాగితం వెనక్కిచ్చినప్పుడు వాడు చాలాసేపు దాన్నే చూశాడు.

"బాగున్నానంటే నీల్లు రావు, ఏదో ఉన్నానంటే పత్రం ఇస్తారు. మరేటనమంటారు బాబూ?"

"అలాగా" అన్నాను. రెండుసార్లు అనాలి కాబట్టి మళ్ళీ "అలాగా" అన్నాను. వాడు వెళ్ళిపోయాడు. వాడే కాదు, మరో నెల తిరిగేసరికి ఆఫీసుకి రావడమే మానేశారు జనం. ఫిర్యాదులు సున్నా అని నివేదిక పంపితే, మా ఆఫీసుకి షీల్డు వచ్చింది.

ఇంత సుఖంగా సాగిపోతున్న వ్యవహారంలో అసిరమ్మ వచ్చి పడింది.

అసిరమ్మ మా ఆఫీసులో కాంట్రాక్టు అటెండరు. పంతొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టే. గుమ్మం పక్క నీళ్ళ కుండ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, ఏ కౌంటరుకి వెళ్ళాలో చెబుతుంది. మొగుడు మూడేళ్ళ కిందట పరంజా మీంచి పడి మంచాన ఉన్నాడు. ఇల్లు మా ఆఫీసు వెనక సందులోనే. మధ్యాహ్నం పరిగెత్తుకెళ్ళి, అతన్ని పక్కకి తిప్పి, నాలుగు ముద్దలు పెట్టి, అరగంటలో వచ్చేస్తుంది. ఈ ఉద్యోగం పోతే ఆవిడకి కూలిపని దొరక్కపోదు, కాని మధ్యాహ్నం ఇంటికి వెళ్ళనిచ్చే పని మాత్రం దొరకదు. అతను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే వైపు పడుండాలి.

ఇక ఆవిడ పలకరింపు గురించి చెప్పాలి. "ఏటయ్యా, ఇంకా బతికే ఉన్నావేటి? నెల్రోజులై అగుపడ్డం మానేసినావు" అంటుంది ముసలాళ్ళని. "ఇలగ సిక్కిపోనావేటే, అత్త ఎట్టదేటి?" అంటుంది కొత్త కోడళ్ళని. మెడ వంచదు, పైగా చెయ్యి ఊపుతుంది. గొంతు చివర లేవడం మాట దేవుడెరుగు, మొదట్నుంచీ లేచే ఉంటుంది. పౌరుల వేషంలో వచ్చిన తనిఖీదారులు ఆవిడకి నూటికి పదకొండు వేశారు. కాంట్రాక్టు పొడిగించాలంటే అరవై రావాలి. ఇరవయ్యో తారీకున సంచాలకులవారే వచ్చి తుది పరీక్ష పెడతారని ఉత్తర్వు వచ్చింది. అభ్యర్థికి తర్ఫీదు ఇవ్వవలసిన బాధ్యత ఇన్‌చార్జిది. అంటే నాది.

వారం రోజులు మధ్యాహ్నాలు ఆవిడకి పాఠం చెప్పాను. 'నమస్కారమండీ, బాగున్నారా' అన్న ముక్క రెండో రోజుకే వచ్చేసింది. తర్వాతదే రాలేదు. అవతలి మనిషి పాత్ర నేను వేసి "బాగానే ఉన్నాను" అనగానే ఆవిడ పక్క మనిషి వైపు తిరగాలి. తిరగదే.

"నీ కల్లు సూస్తే అలగ నేవు బాబూ. రేత్రి నిద్రపోనేదేటి?"

"అసిరమ్మా, అది నీకనవసరం. నేను బాగున్నానన్నాను కదా, అయిపోయింది."

"అడిగినాక ఇనకుండా ఎలగెల్పోతాను? ఇననప్పుడు అడగడమెందుకు?"

"అడగడం రూలు. వినడం రూల్లో లేదు."

"మరలగైతే నన్ను తీసేస్తారేటి బాబూ?" అంది. చెయ్యి ఊపలేదు. "ఆడు మజ్జానం దాకా గడియారం కేసే సూస్తుంటాడు."

నాకు చిరాకేసింది. ఎవరి మీదో తెలియక ఆవిడ మీదే అరిచాను. మర్నాడు కనుబొమల పాఠం దగ్గర నాకే కనుబొమలు లేవలేదు.

ఇరవయ్యో తారీకు వచ్చింది. సంచాలకులవారూ వచ్చారు. పరీక్షకి ఒక పౌరుడు కావాలి. ఆఫీసుకి జనం రావడం మానేశారు గనక గేటు బయటికి వెళ్ళి జామకాయలవాణ్ణి బతిమాలాను. పత్రం నింపమంటారని వాడు బండి తోసుకుని పారిపోయాడు. చివరికి చక్రధరరావు గారే, "పౌరుని పాత్ర నేనే ధరించెదను" అని గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని స్టాప్‌వాచీ నొక్కారు. పరీక్ష పత్రంలో మార్కుల గడి ఒకటి, పౌరుడు చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాయాల్సిన గడి ఒకటి. కింద పౌరుడి సంతకం, సాక్షిగా నా సంతకం. అది అదే రోజు రాజధానికి పోవాలి.

అసిరమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చింది. గ్లాసుతో నీళ్ళు పట్టుకుని, మెడ సరిగ్గా పదిహేను డిగ్రీలు వంచి, "నమస్కారమండీ, బాగున్నారా?" అంది. నా గుండె పొంగింది.

"బాగానే ఉన్నాను" అన్నారాయన.

అంతే, ఆవిడ ఇప్పుడు పక్కకి తిరిగితే గట్టెక్కినట్టే. కాని ఆయన నీళ్ళ కోసం చెయ్యి చాపారు. గ్లాసు ఒక వైపుంటే చెయ్యి ఇంకో వైపుకి వెళ్ళింది.

"గలాసు ఇటుంటే సెయ్యి అటెట్టినారేటి బాబూ?" అంది అసిరమ్మ. మెడ తిన్నగా అయిపోయింది. "సొక్కా గుండీలు సూడండి, ఒకటి పైది కిందా, కిందది పైనా. కల్లు అగుపడతన్నాయా మీకు?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన కోప్పడతారనుకున్నాను. కళ్ళు తెరిచాను. ఆయన నల్లద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎడమది పోయిందమ్మా. షుగరు. కుడిది కూడా మసకేస్తోంది" అన్నారు. ఆ గ్రాంథికం ఎటు పోయిందో పోయింది. "సంతకం ఎక్కడ పెట్టాలో గుమాస్తా వేలు పెట్టి చూపిస్తే అక్కడ పెడుతున్నాను. రెండేళ్ళుంది రిటైర్మెంటు. తెలిస్తే మెడికల్ బోర్డుకి పంపించేస్తారు. రోజుకి అరవై మంది మెడలు వంచి బాగున్నారా అంటారు. ఒక్కడూ నా కళ్ళ వైపు చూళ్ళేదు."

"ఇంట్లో సెప్పినారా?"

"లేదు."

"ముందు ఇంట్లో సెప్పండి. అలగ దాసుకుంటే ఉన్నదీ పోద్ది. పెద్ద సదువులు సదివినారు, ఆ మాత్రం తెలవద్దా?"

తిట్టింది. నిజంగా తిట్టింది. ఆయన చెబుతూనే ఉన్నారు. కారు డ్రైవరుకి అనుమానం రాకుండా మెట్లు ఎలా లెక్కపెట్టుకుని దిగుతారో కూడా చెప్పారు. నలభై సెకన్లు కావాల్సింది నలభై నిమిషాలైంది. స్టాప్‌వాచీ తిరుగుతూనే ఉంది.

లేచాక ఆయనకి పత్రం గుర్తొచ్చింది. జవాబు ఉన్నదున్నట్టు రాస్తే ఆయన సంగతి రాజధానికి తెలిసిపోతుంది. వేరే జవాబు రాద్దామంటే పక్కన నేను సాక్షిని. కాసేపు ఆలోచించి, "అభ్యర్థి గైర్హాజరు" అని రాయించి సంతకం పెట్టారు. ఎక్కడ పెట్టాలో నేనే వేలు పెట్టి చూపించాను.

గైర్హాజరైతే మళ్ళీ నెల మళ్ళీ పరీక్ష. "ఇంట్లో సెప్పినారా?" అన్నదే అసిరమ్మ మొదటి ప్రశ్న. చెప్పారట. ఆయన భార్య రెండు రోజులు మాట్లాడలేదట, మూడో రోజు విశాఖపట్నం కంటి ఆస్పత్రికి లాక్కెళ్ళిందట. ఈసారి యాభై నిమిషాలు. అభ్యర్థి మళ్ళీ గైర్హాజరు.

మూడో నెల రాకముందే నాకు నిబంధన కనబడింది. మూడోసారి గైర్హాజరైన అభ్యర్థి తనంత తాను ఉద్యోగము వదులుకొన్నట్లు భావించవలెను. ఆయన రాగానే పుస్తకం తెరిచి చదివి వినిపించాను.

"అయితే హాజరైనట్టు రాద్దాం. బాగానే ఉన్నానని జవాబు చెప్పినట్టు రాయండి" అన్నారు.

"అలా రాస్తే మార్కులు కూడా వెయ్యాలండి. మీరే లెక్క చూడండి. వంచిన మెడ నిలపదు, కనుబొమలు లేవవు, సమయం దాటుతుంది, పౌరుణ్ణి తిడుతుంది. హృదయం గడికి నూటిలో పదే కేటాయించారు మీరు. ఎంత లాగినా పన్నెండు దాటవు. సాయంత్రానికి ఆవిడ ఇంటికే."

"మరి?"

ఇరవై ఆరేళ్ళుగా నిబంధనలు చదువుతున్నవాణ్ణి, ఒక్క దారే కనిపించింది. "జాబితాలో లేని జవాబు వస్తే ఫలితం ఆపెయ్యాలండి. స్పష్టత వచ్చేదాకా ఆవిణ్ణి కదపకూడదు. కాబట్టి..."

"కాబట్టి నిజం రాయాలి" అన్నారాయన.

అసిరమ్మకి మా మాటలు అర్థం కాలేదు. కుండలో నీళ్ళు నింపుకుంటోంది. పన్నెండున్నర కావస్తోంది, ఇంటికెళ్ళే టైము. ఆయన ఆవిడ నిలబడ్డ వైపు చూశారు. ఎంతవరకు కనబడిందో నాకు తెలియదు. "కలం ఇవ్వవయ్యా" అని తీసుకుని, వేళ్ళతో గడి అంచు తడుముకుని, తన చేత్తోనే రాశారు. అక్షరాలు గీత మీంచి జారి కిందికి పోయాయి. 'బాగా లేను. కళ్ళు కనబడటం లేదు.' కింద సంతకం పెట్టారు. సాక్షిగా నేనూ సంతకం పెట్టాను. సిగ్గేసింది, ఎందుకు దాచాలి?

నెలన్నరకి రాజధాని నుంచి రెండు కవర్లొచ్చాయి. మొదటిది అసిరమ్మ గురించి. 'బాగా లేను' అను జవాబు ఇంతకుముందు ఎన్నడును అందనందున, దాని భావమును పరిశీలించుటకు ఉపసంఘమును నియమించడమైనది, అంతవరకు అభ్యర్థిని యథాస్థానమున కొనసాగించవలెను. చదివి నవ్వుకున్నాను. ఏదో అన్న చిన్న మాటకే ఆరు వారాలు పట్టినవాళ్ళు దీన్ని ఎప్పటికి తేలుస్తారు? అసిరమ్మ నిక్షేపంలా ఉంటుంది.

రెండోది చక్రధరరావు గారి పేర ఉంది, పత్రం మా ఆఫీసు నుంచి వెళ్ళింది గనక ఇక్కడికే పంపారు. అప్పటికే ఆయన్ని మెడికల్ బోర్డుకి పంపి, బోర్డు తేల్చేదాకా సెలవులో ఉండమన్నారు. కబురుచేస్తే బస్సులో వచ్చారు. చేతిలో కర్ర ఉంది. గుండీలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

"చదివి పెట్టవయ్యా" అన్నారు.

చదివాను. "తమరి అనారోగ్యము గురించి తెలిసి ఈ కార్యాలయము మిక్కిలి చింతించుచున్నది. తమరు కుశలమేనా? ఈ లేఖకు ప్రత్యుత్తరము పంపనవసరము లేదు."

అది విని ఆయన, "ఆ లేఖ నమూనా నేను రాసిందే. ఆఖరి వాక్యం కోసం రెండు మీటింగులు పెట్టాను" అన్నారు.

అసిరమ్మ నీళ్ళు తెచ్చి గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఏటి రాసినారు బాబూ?" అని నన్నడిగింది.

"బాగున్నారా అని అడిగారు."

"మరి సెప్పండి, ఎలగున్నారు?" అంది ఆయన పక్కనే చతికిలబడి.

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. నేను కౌంటరు మూసి, వచ్చి వాళ్ళ దగ్గర కూర్చున్నాను.